వచ్చె, తినె, పాయె

నా పరిశోధనకు అంశాన్ని నేను ఎంచుకోలేదు. ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పడం మొదలుపెట్టిన చాలా ఏళ్లకు, డాక్టరేటు లేకపోతే ఉద్యోగంలో ఒక్క మెట్టు కూడా ఎక్కలేనని తేలాక, కడపలో మా గైడు ముందు వెళ్లి కూర్చున్నాను. శైలీశాస్త్రంలో చేస్తానన్నాను. రచయిత ఏం చెప్పాడన్నది కాసేపు పక్కనపెట్టి, ఎలా చెప్పాడన్నది భాషాశాస్త్రం పద్ధతిలో చూసే చదువు అది. వాక్యం ఎంత పొడవుంది, క్రియ ఎక్కడ కూర్చుంది, ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పే వీలున్నప్పుడు ఈ మనిషి ఈ రకాన్నే ఎందుకు పట్టుకున్నాడు, ఇవీ దాని ప్రశ్నలు. నాకు ఆ చదువంటే ఇష్టం. ఏదైనా పాత కావ్యం చేతిలో పెడతారనుకున్నాను.

గైడు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పులివెందులలో ఒకామె కథలు రాస్తోంది చూడమ్మా. రెండు సంపుటాలు వచ్చాయి. ఆమె వాక్యం మీద ఇంతవరకు ఎవరూ పని చేయలేదు. నువ్వు ఆ ప్రాంతం దానివే కదా, నీకు తేలిక" అన్నారు.

ఆ ఒకామె నా స్నేహితురాలు. కాదనాలంటే కారణం చెప్పాలి. నా దగ్గరున్న కారణం పైకి చెప్పుకునేది కాదు. సరేనండీ అన్నాను.

ఆమెది జమ్మలమడుగు. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర చిన్న గదిలో గడియారాలు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు. తెలుగు ఆమెకు వీధిలో, బడిలో వచ్చిన భాష. డిగ్రీకి ప్రొద్దుటూరు వచ్చి నాతోపాటు ఒకే క్లాసులో చేరింది. రోజూ బస్సులో వచ్చి పోలేక ఇబ్బంది పడుతుంటే మా అమ్మే పిలిచి మా ఇంట్లో ఉండమంది. డిగ్రీ అయ్యేదాకా మాతోనే ఉంది. మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా. ఉన్నవి రెండు గదులు. నేనూ ఆమే ఒకే చాప మీద పడుకునేవాళ్లం.

అప్పట్లో రచయిత్రిని నేను. కాలేజీ పత్రికలో నా కవిత లేని సంచిక ఉండేది కాదు. వ్యాసరచన పోటీల్లో బహుమతులు నాకే. రాసినదాన్ని చాప మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించేదాన్ని. ఆమె గడ్డం కింద చేతులు పెట్టుకుని విని, "బాగుండాది మే" అనేది. ఆమె ఒక్క వాక్యం రాయడం నేను చూడలేదు. నేను చదువుతున్నంతసేపే నా దగ్గర ఉండేది. తర్వాత లేచి వంటింట్లోకి, మా అమ్మ దగ్గరికి పోయేది.

ఎమ్మేకు నేను గుంటూరు వెళ్లాను. అక్కడ హాస్టల్లో నేను "యాడ" అంటే నవ్వారు, "శానా" అంటే మళ్లీ అనమన్నారు. మొదటి సెలవులకు ఇంటికి వచ్చేసరికే నా మాట అచ్చులో ఉన్నట్టు తయారైంది. ఇప్పటికీ అంతే మాట్లాడతాను. ఆమెకు పులివెందుల సంబంధం కుదిరింది. భర్త కువైట్‌లో కారు నడుపుతాడు. ఆమె ఒక చిన్న బడిలో పిల్లలకు చదువు చెబుతుంది. నేను పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయాక ప్రొద్దుటూరులో అమ్మా నేనూ.

ఆమె కథ మొదటిసారి చూసింది మా స్టాఫ్‌రూములో. కామర్సు సారు టీ తాగుతూ ఆదివారం అనుబంధం తెరిచి, "వినండి, మన సీమ కథ" అని పైకి చదివాడు. ఒక వాక్యం ఇప్పటికీ నోట్లో తిరుగుతుంది. "వాన వచ్చె. మిద్దె మీద వడియాలు. వడియాల మీద వాన. ఇంట్లో ఎవరికీ మిద్దె ఎక్కేదానికి కాళ్లు లేవు." అత్తాకోడళ్లు మాట్లాడుకోని ఇల్లు అది. అందరూ నవ్వారు, కాసేపటికి ఎవరూ నవ్వలేదు. చివరికి సారు రాసినామె పేరు చదివాడు. నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"మీరూ రాస్తారు కదా మేడమ్, ఇట్లాంటిది ఒకటి రాయండి" అన్నాడాయన మంచి మనసుతోనే.

నేను అప్పటికి చాలా కథలు అచ్చువేయించుకున్నాను. వాటి గురించి ఎవరూ నన్ను ఒక్క మాట అడిగిన గుర్తు లేదు. ఇంటికి వెళ్లేసరికి అమ్మ అదే పేజీని మంచం మీద పరుచుకుని చదువుతోంది. నా కథలు వచ్చినప్పుడు అమ్మ పత్రికను భద్రంగా బీరువాలో పెట్టేది. ఈ పేజీ మీద మాత్రం పసుపు వేళ్ల గుర్తులు పడ్డాయి.

అలాంటి మనిషి వాక్యాలను కొలిచే పని నాకు దొరికింది. ఆ రెండు పుస్తకాలనూ మొదట తప్పుల కోసమే చదివాను. ఒక మాటను పక్కపక్కనే రెండుసార్లు వాడుతుంది, గుర్తుపెట్టుకున్నాను. క్రియ లేకుండానే వాక్యం ముగించేస్తుంది, అదీ గుర్తుపెట్టుకున్నాను. ఇంకొకటి దొరికినప్పుడు నిజంగా సంతోషం కలిగింది. ఒకే మనిషి గురించి ఒకచోట "వచ్చినాడు" అని రాస్తుంది, అదే కథలో ఇంకోచోట "వచ్చె" అని రాస్తుంది. "తిన్నాడు" అంటుంది, మరో పేజీలో "తినె" అంటుంది. నిలకడ లేని వాడుక అని శీర్షిక పెట్టి, ఉదాహరణలతో సహా గైడుకు పంపాను.

ఆయన ఫోన్ చేశారు. "ఇది పొరపాటైతే ఎక్కడ పడితే అక్కడ ఉండాలి కదమ్మా. ఎక్కడెక్కడ ఉందో చూశావా?"

చూడలేదు. చూడటం మొదలుపెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అది నాకు కనబడింది. కనబడ్డాక ఇంక ఏ పేజీ తిప్పినా అదే. "వచ్చినాడు" అన్నప్పుడు క్రియ చివర ఆ మనిషి ఉన్నాడు. "వచ్చె" అన్నప్పుడు మనిషి లేడు, రావడం ఒక్కటే ఉంది. ఆడా మగా తేడా కూడా లేదు. వాన వచ్చినట్టే మొగుడూ వచ్చె. ఆమె కథల్లో ఒకరి మీద ఒకరికి మనసు విరిగిన చోట క్రియ చివరి మనిషి మాయమవుతాడు. మళ్లీ మనసు కలిసిన చోట తిరిగొస్తాడు. కోపం వచ్చిందని గానీ, అలిగిందని గానీ కథలో ఎక్కడా ఉండదు. ఒక కథలో భార్య పేజీల తరబడి మొగుడిని "వచ్చె, తినె, పాయె" అని చెప్పుకుపోయి, చివర్లో "సొంగలు కార్చుకుంటా నిద్ర పోతాండాడు" అంటుంది. ఆ ఒక్క "డు" చూసి, వాళ్లు రాజీపడ్డారని చదివేవాడికి తెలిసిపోతుంది. ఎలా తెలిసిందో మాత్రం తెలియదు.

ఈ సంగతి కనిపెట్టినందుకు నేను పొంగిపోవాలి. నాకు కడుపులో మంట పుట్టింది. ఆమె ఇదంతా తెలిసి చేస్తోందా, అలాగైతే నేను ఈ జన్మలో ఆమెను అందుకోలేను. తెలియకుండా చేస్తోందా, అది మరీ అన్యాయం. ఆ వారమే తలుపు వేసుకుని ఒక కథ రాశాను. మొగుడూ పెళ్లాం, అలక, ఆమె పద్ధతి ప్రకారమే క్రియలు. నియమం ఎక్కడా తప్పలేదు. చదివి చూస్తే వ్యాకరణ పాఠం కింద ఇచ్చిన ఉదాహరణల్లా ఉంది. చించేశాను.

రచయితను కలిసి మాట్లాడటం పరిశోధనలో భాగం. ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కి పులివెందుల వెళ్లాను. ఆమె బస్టాండుకే వచ్చింది. బురఖా మీద బడి పిల్లల సుద్దముక్క పొడి. ఇంటికి తీసుకెళ్లి చీనీకాయలు కోసి రసం తీసి ఇచ్చింది. ఇంతలో కువైట్ నుంచి వీడియో కాల్. ఆమె భర్త తెర మీద నుంచి, "ఏం మేడమ్, మా ఇంటామె మీద పరిశోధన చేస్తాండారంట. ఈడ మా రూములో అందరికీ నేనే సదివి ఇనిపిస్తా ఆమె కతలు. అన్నాలు తినేది గూడా మర్సిపోతారు" అన్నాడు. నవ్వాను. నా కథ విని అన్నం తినడం మరిచినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని, నవ్వుతూనే వెతుక్కున్నాను.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "నీ కథల్లో ఈ 'వచ్చె', 'పాయె' ఎక్కడి నుంచి వచ్చాయి?"

"ఏంది మే, నీకు తెలీదా? మీ అమ్మది గదా."

"మా అమ్మ అలా మాట్లాడదు."

"నీతో మాట్లాడదేమో" అంది మామూలుగా, తొక్కలు ఒకచోటికి ఊడ్చుకుంటూ. "మీ నాయన మీద అలిగినప్పుడు సూడాల. నాకు ఉల్లిగడ్డలు కోసేదానికిచ్చి, తను పొయ్యికాడ కూచోని, వచ్చె, తినె, పాయె, నోట్లో మాట ల్యా అంటాండేది. నాకా, అప్పటికి తెలుగు సరింగా రాకపాయె. మాట యింటే దాన్ని తిప్పి తిప్పి సూసుకుంటాంటి. మా ఉర్దూలో ఆడమనిషి వచ్చిందా, మగమనిషి వచ్చినాడా అనేది చెప్పకుండా మాట ముగియదు మే. మీ అమ్మ మాటలో మనిషే లేకపాయె. యాడికి పోయినాడబ్బా ఈ మనిషి అనుకుంటి. భలే అనిపించె నాకు."

నేను కనిపెట్టిన నియమం ఆమెకు చెప్పాను. మనసు విరిగిన చోటే ఆ రూపం వాడావు, ఒక్క చోట కూడా తప్పలేదు అని.

"అట్లనా? నేను సూసుకోలేదు మే. రాసేటప్పుడు మీ అమ్మ నా చెవిలో అంటాంటాది. నేను రాస్తాంటా. అంతే."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే నములుకున్నాను. ఆ వంటింటికి, నేను చదువుకునే చాపకు మధ్య ఒక గోడే ఉండేది. మా అమ్మ కడుపున పుట్టింది నేను. మా అమ్మ మాట పోయి కూర్చున్నది ఆమె చెవిలో. ఇన్నాళ్లూ ఆమె కథల మీద కుళ్లుకున్నాను. ఇప్పుడు కథల సంగతి చిన్నదైపోయింది.

ఇంట్లో అమ్మ మాటలు వినడం మొదలుపెట్టాను. వింటే తెలిసింది. పాలవాడిని "యాడికి పోతాండావప్పా" అంటుంది. నన్ను "కాలేజీకి వెళ్తున్నావా" అంటుంది. పక్కింటామెను "బువ్వ తింటివా" అంటుంది. నన్ను "భోజనం చేస్తావా" అంటుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అమ్మా, నాతో ఎందుకు అలా మాట్లాడతావు?"

"ఎలా?"

"వెళ్తున్నావా, చేస్తావా అని. చుట్టాలతో మాట్లాడినట్టు."

"నువ్వు అట్లనే మాట్లాడతావు గదా, గుంటూరు నించి వచ్చినప్పటి సంది" అంది. "నీకు సరిపొయ్యేటట్టు మాట్లాడాలంటే నాకూ కష్టమే. అలవాటు చేసుకున్నా."

చేటలోకి బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, పరీక్షల పని తొందరగా అయిపోయి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. అమ్మ పెరటి గడప మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. పక్కన ఫోన్, స్పీకరు పెట్టి ఉంది. అవతల నా స్నేహితురాలు. వాళ్లిద్దరూ అప్పుడప్పుడు మాట్లాడుకుంటారని నాకు తెలుసు, ఏం మాట్లాడుకుంటారో తెలియదు. చెప్పులు విడుస్తుంటే అమ్మ గొంతు వినబడింది.

"ఏం చెప్పేది పాపా. మొన్న నీ కాడి నించి వచ్చె. ముకం ఇంత చేసుకోని వచ్చె. తినె. రూములోకి పాయె. తలుపేసుకునె."

పాపా అని చిన్నప్పుడు నన్ను పిలిచేది. ఆ మాట నన్ను గుచ్చింది. అంతకంటే లోతుగా గుచ్చాయి ఆ క్రియలు. ఆ నాలుగు క్రియల్లో నేను లేను. దాని అర్థమేమిటో, ఆధారాలతో సహా, నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నేనే అధ్యాయం రాశాను.

అవతల ఫోన్లో ఆమె మెల్లగా అంది. "అమ్మా, అట్ల అనాకు మా. పాపం శానా పని పెట్టుకునింది. వచ్చె అనాకు. వచ్చింది అను."

"యాదైతే ఏంది పాపా?"

"కాదు మా. వచ్చింది అను."

అమ్మ నవ్వి, "సరే, వచ్చింది" అంది.

నన్ను అమ్మ మాటలోకి తిరిగి తెచ్చి కూర్చోబెట్టింది కూడా ఆమే. నా కోసం బతిమాలే అవకాశం కూడా ఆమెకే దక్కింది. నేను వంటింటి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. అమ్మ నన్ను చూసి ఫోన్ ఆపేసింది.

"నా మీద కోపంగా ఉన్నావా?" అన్నాను.

"కోపమేముంది, అదేం లేదు" అంది, నాతో మాట్లాడే తెలుగులో. నేను కదల్లేదు. అమ్మ చేతిలో గోంగూర కట్ట కింద పడేసింది.

"కోపం గాకేంది? ఆ పాప ఫోన్ చేస్తే నీ ముకం మాడిపోతాది. ఆ పాప పుస్తకం నేను పట్టుకుంటే నువ్వు లేచిపోతావు. ఆ పాప మీద రాస్తాండావంట, రాసేటప్పుడు పండ్లు కొరుకుతాంటావు, నాకు ఇనపడ్తాది. ఆ పాప నీకు ఏం చేసింది? ఈ ఇంట్లో ఇంత బువ్వ తిని, నాతో రెండు మాటలు మాట్లాడింది. అదేనా? నువ్వు మాట్లాడింటే నీతోనూ మాట్లాడకుండా ఉందునా?"

అమ్మ నాతో ఆ మాటలో మాట్లాడి ఎన్నేళ్లైందో. తిట్లు తింటూ, ఒక పక్క ఏడుపొస్తూ, ఇంకో పక్క ఆ వాక్యాల పొడవు, ఆ విరుపు, "మాట్లాడింటే", "ఉందునా" అన్న చివర్లు వింటూ నిలబడ్డాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది నేను ఎన్నుకున్న మాట కాదు.

"నీకు ఆ పాపే కావాల. నేను అక్కరల్యా. నాకు తెలీదనుకుంటాండావా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. కోపం ఎటో పోయింది. వంగి గోంగూర ఏరుకుంటూ, "మూతి కడుక్కోని రా. బువ్వ తిందువు" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో మాట కొంచెం మారింది. పూర్తిగా కాదు. నేను మరిచిపోయి పుస్తకాల తెలుగులో ఏదైనా అడిగితే అమ్మ కూడా ఆ తెలుగులోకే ఎక్కేస్తుంది.

శైలికి మూలం అనే అధ్యాయం చివరగా రాశాను. ఈ కథల్లోని క్రియల పద్ధతి ప్రొద్దుటూరులోని ఒక గృహిణి మాటతీరు నుంచి వచ్చిందని, రచయిత్రే ఆ సంగతి చెప్పిందని రాశాను. అందులో అబద్ధం లేదు. అయితే రాస్తున్నంతసేపు నాకు హాయిగా ఉంది. అందరూ మెచ్చుకునే ఆ వాక్యం ఆమె సొంతం కాదని లోకానికి తెలుస్తుంది కదా అనిపించింది. అధ్యాయాన్ని ఆమెకే ముందు పంపాను, ఏమంటుందో చూద్దామని.

మరుసటి రోజే ఫోన్. "శానా బాగుండాది మే. నేనే ఎన్నోసార్లు పుస్తకం ముందుమాటలో రాద్దామనుకుంటి, మీ అమ్మ సంగతి రాస్తే నువ్వేమనుకుంటావో అని ఊరకుంటి. ఇప్పుడు నా గుండె తేలికైంది. అమ్మకు సదివి ఇనిపించినావా?"

ఆమెకు తగలాలనుకున్న దెబ్బ ఆమెకు కానుకలా చేరింది. అలాంటి మనిషితో పోటీ ఎలా పడాలి?

మౌఖిక పరీక్షకు ఆమె పులివెందుల నుంచి, అమ్మ నాతో ప్రొద్దుటూరు నుంచి వచ్చారు. హాలు వెనక వరసలో పక్కపక్కన కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నాలుగో అధ్యాయం తెరిచి, క్రియారూపాన్ని బట్టి మనసును చదవడం తనకు చాలా నచ్చిందన్నాడు. "ఈ గృహిణి మాటల నమూనాలు ఎలా సేకరించారు? పరిచయం ఉందా?" అని అడిగాడు.

"మా అమ్మండీ" అన్నాను.

హాలంతా నవ్వింది. వెనక్కి తిరిగి చూశాను. అమ్మకు ఏం జరిగిందో అర్థం కాక, నా స్నేహితురాలి వైపు వంగి అడుగుతోంది. ఆమె అమ్మ చెవిలో చెబుతోంది. నా పట్టా సంగతి కూడా మా అమ్మకు ఆమె నోటితోనే తెలిసింది. తర్వాత అందరూ ఫోటో తీయించుకుంటే అమ్మ మధ్యలో నిలబడి ఇద్దరి చేతులూ పట్టుకుంది. ఎవరి చెయ్యి గట్టిగా పట్టుకుందో ఫోటోలో తెలియదు.

పోయిన వేసవి సెలవులకు ఆమె జమ్మలమడుగులో పుట్టింటికి వచ్చి, నన్ను రమ్మంది. సాయంత్రం మిద్దె మీద పరుపు వేసి, కొత్త కథలు నా ఒళ్లో పెట్టింది. "ఎవురికీ సూపలా. నువ్వే ముందు" అంది. మొదటి కథ చదివాను, రెండోది చదివాను. ఏదో వెలితి. మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా "వచ్చె" లేదు. "పాయె" లేదు.

"ఇదేంటి, ఒక్కటీ లేదే?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నువ్వు రాసింది సదివినాక రాలేదు మే. వచ్చె అని రాద్దామంటే, ఈడ కోపముండాదా ల్యాదా అని ఆలోచన వస్తాది. చెయ్యి నిలబడిపాయె. శానా దినాలు ఏమీ రాయలేకపోతి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బాధపడ్తావని."

నాకు మొదట కలిగింది బాధ కాదు. ఏళ్ల తరబడి నా గుండె మీద కూర్చున్న ఆ వాక్యాన్ని నా చదువే ఆపేసిందని విని, ఒక క్షణం కడుపులో మంట చల్లారింది. బాధ తర్వాత వచ్చింది. అమ్మ మాట ఇక ఎక్కడా అచ్చులో కనబడదని తోచినప్పుడు వచ్చింది.

మూడో కథ తీశాను. ఒక ముసలాయన కొడుకుతో మాట్లాడడు, కొడుకు బండి మాత్రం రోజూ తుడుస్తాడు. మామూలు క్రియలు, మామూలు వాక్యాలు. సగానికి వచ్చేసరికి కాగితాలు ఒళ్లో పెట్టి కళ్లు తుడుచుకున్నాను. ఎందుకో తెలియలేదు. ఆగి, మొదటి నుంచి చదివాను. వాక్యం పొడవు చూశాను, క్రియలు చూశాను, ఏ మాట ఎక్కడ మళ్లీ వచ్చిందో చూశాను. చేతికి ఏదీ అందలేదు. ఉన్నది మాత్రం మునుపటి కథల కంటే బలంగా ఉంది.

"ఏం చేసినావు దీంట్లో?" అని అడిగాను.

"నాకేం తెలుసు. నువ్వు చెప్పాల."

"తెలీడంల్యా."

"మంచిది" అని నవ్వింది. "తెలిసినా నాకు చెప్పాకు."

కింద నుంచి వాళ్లమ్మ ఉర్దూలో ఏదో కేకేసింది. ఆమె బదులిస్తూ మెట్లు దిగిపోయింది. నేను ఆ కథను మళ్లీ మొదటి వాక్యం దగ్గర పట్టుకున్నాను. వెలుగు తగ్గుతోంది, అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. కడుపులో మంట మాత్రం ఎప్పటిలాగే ఉంది.